పటంలో పెట్టని గెడ్డ

మంచు 6వ రోజు

అచ్చు వేసినవి నాలుగు వందలు. జనం పట్టుకెళ్ళినవి ముప్ఫై ఒకటి. అందులో రెండింటిలో పకోడీలు పొట్లం కట్టుకున్నారు, కళ్ళారా చూశాను.

ఇది నీలిమెట్ట మంచు విహారకేంద్రం అచ్చుగది దినచర్య. రాసేది గెమ్మెలి చిలకమ్మ, పటాల మేస్త్రి. ఇరవై ఆరు మంచుకాలాలుగా రాస్తున్నాను, ఇప్పటిదాకా ఒక్కరూ తెరిచి చదివిన పాపాన పోలేదు.

పొద్దున్నే సిరా డబ్బా కుంపటి పక్కన పెట్టాలి, లేకపోతే బెల్లంగడ్డలా బిగిసి కూర్చుంటుంది. కాగితాల కట్ట విప్పి కాసేపు గది వేడికి అలవాటు చెయ్యాలి. ఆ తర్వాత నాలుగు రంగులు, ఎనిమిది మడతలు. పటం జేబులో పట్టాలి, చేతి తొడుగులు తియ్యకుండా విప్పగలగాలి, తడిసినా చిరగకూడదు. చెప్పినంత తేలిక కాదు.

మా అమ్మమ్మ ఇదే కొండ మీద కాఫీ పళ్ళు కోసింది. లోకం వేడి తగ్గించడానికి ఆకాశంలో సూర్యుడికి అడ్డంగా తెర కట్టినవాళ్ళు లెక్కలో ఎక్కడో రవ్వంత నీడ ఎక్కువ వేశారు. కాఫీ పోయింది, మా మెట్టకి ఏటా ఐదు నెలల మంచు వచ్చింది. పై నుంచి కిందికి స్కీల మీద జారడానికి జనం రైళ్ళెక్కి వస్తున్నారు. జారేవాళ్ళకి దారి తెలియాలి కదా, అందుకని పటాల మేస్త్రి అనే ఉద్యోగం ఒకటి పుట్టింది.

ఈ ఏడు గేటు దగ్గరే అందరికీ తోవ అద్దాలు ఇస్తున్నారు. అవి పెట్టుకుంటే మంచు మీద రంగు గీత కనబడుతుంది, దాని వెంట పోవడమే. మేనేజరు రఘోత్తమ్ మంచివాడు. ముప్ఫై రెండేళ్ళుంటాయి, డొంకతిరుగుడు చేతకాదు. ఇవాళ గుమ్మంలో నిలబడే చెప్పేశాడు.

"చిలకమ్మగారూ, ముప్ఫయ్యో రోజున బోర్డు కూర్చుంటోంది. అచ్చుగది ఉంచాలా, మూసెయ్యాలా అనేది ఆ రోజే తేలుస్తారు. మీరు చెప్పాలనుకున్నది సిద్ధం చేసుకోండి."

"సిద్ధం చేసుకోవడానికేముంది బాబూ! ఇరవై ఆరేళ్ళలో నా కాగితం పట్టుకున్న మనిషి ఒక్కరూ దారి తప్పలేదు. ఆ ఒక్క ముక్క చాలు."

నేనే గెలుస్తాను. ఆ విషయంలో నాకు అనుమానం లేదు.

మంచు 11వ రోజు

అచ్చు వేసినవి వంద. పట్టుకెళ్ళినవి తొమ్మిది.

పైన లిఫ్టు దిగే చోట పటాల పెట్టె సర్దడానికి వెళ్ళాను. మంచు తుడిచి, తడిసినవి తీసేసి, పొడివి పెట్టాలి. ఒక రాజమండ్రి దంపతులు స్కీలు బిగించుకుంటూ ఉంటే పలకరించాను.

"ఏ దారిన దిగుతున్నారమ్మా? పెద్దజారా, పిల్లిమీసమా?"

ఆవిడ నవ్వింది. "పేర్లతో ఏం పనండీ? నాకు నీలం గీత వచ్చింది, ఆయనకి ఎర్రది."

మొగుడికో దారి, పెళ్ళానికో దారి. ఎవరెటు పోతే రద్దీ తగ్గుతుందో చూసి అద్దాలు ఎవరి గీత వాళ్ళకి వేస్తాయి. ఇద్దరూ చెయ్యి ఊపుకుని చెరో పక్కకి జారిపోయారు. పెద్దజారు, పిల్లిమీసం, అత్తగారి మెట్లు, పనసతొన... ఈ కొండ మీద ముప్ఫై నాలుగు దారులకి పేర్లున్నాయి. సగం మా గురువు సన్యాసిరావు మేస్త్రి పెట్టినవి, సగం నేను పెట్టినవి. ఆ పేర్లు పలికేవాళ్ళు తగ్గిపోతుంటే నాకు కోపం వస్తోంది. బాధ అని రాయబోయాను, కానీ వస్తున్నది కోపమే.

మంచు 19వ రోజు

అచ్చు లేదు. మడతలు మాత్రమే.

ఇవాళ కాకినాడ నుంచి వచ్చిన టీచరమ్మ ఒకావిడ పడిపోయి చీలమండ విరగ్గొట్టుకుంది. పడ్డప్పుడు అద్దాలు పగిలాయి. ఫోను తీసి రక్షణ దళానికి చెప్పింది, 'నేను నీలం గీత మీద ఉన్నాను' అని. ఆ సమయంలో కొండ మీద నూట అరవై మందికి నీలం గీతే. దళం నాయకుడు వంతల బొంజుబాబు రెండు గంటలు కేకలేసుకుంటూ తిరిగితే పనసతొన వంపులో దొరికింది. బతికిపోయింది, కానీ కాలి వేళ్ళు నల్లబడ్డాయి.

బొంజుబాబు నా కుంపటి దగ్గర కూలబడి చేతులు కాచుకున్నాడు. నాకు వరసకి తమ్ముడు. మీసాల నిండా మంచే.

"ఏటని ఎతుకుతానక్కా? దారి పేరు సెప్పమ్మా అంటే, దారికి పేరేటి అంటాది. నీ కాగితం ఆయమ్మ జేబులో ఉంటే పావుగంటలో దింపేద్దును."

"ఈ మాట బోర్డు ముందర అంటావా?"

"అంటాను. బయమేటి నాకు?"

ఇంతకంటే మంచి సాక్షి నాకు దొరకడు. టీచరమ్మ వేళ్ళ గురించి నిజంగానే జాలిపడ్డాను. అయినా లోపల ఒక మూల సంతోషం కూడా వేసింది, అది దాచడం ఎందుకు.

మరో కబురు. సూర్యుడి తెరకి మరమ్మతు ఉందట. ముప్ఫై రెండు నుంచి ముప్ఫై నాలుగో రోజు దాకా తెర తీసి ఉంచుతారు. మూడు రోజులు అసలు సిసలు ఎండ. ఆ వెలుగులో బాగుంటుందని రఘోత్తమ్ ఆడపిల్లల జిల్లా పోటీలు ముప్ఫై నాలుగో రోజుకి పెట్టాడు. బొంజుబాబు కూతురు పూర్ణిమకి పదిహేడేళ్ళు, పోయినేడు మొదటి బహుమతి దానిదే. ఈసారి వరసలో అందరికంటే ముందు దిగేది కూడా అదే.

మంచు 27వ రోజు

ఇవాళ్టిది నిజాయితీగా రాయాలి. అచ్చుల లెక్కలు తర్వాత.

మధ్యాహ్నం రఘోత్తమ్ అద్దాల జత పట్టుకొచ్చాడు. "బోర్డు ముందు వీటిని తిట్టబోతున్నారు కదా, ఒక్కసారి పెట్టుకుని చూసి తిట్టండి. పోటీల దారి వేశాం, బంగారు రంగు. మొదట మీకే చూపిస్తున్నాను."

పెట్టుకున్నాను. బాగుంది. బాగోలేదని రాస్తే కళ్ళు పోతాయి. కిటికీలోంచి కొండ మొత్తం కనిపిస్తోంది, దాని మీద బంగారు తీగ పరిచినట్టు ఒక గీత. శిఖరం నుంచి పెద్దజారు మీదుగా దిగి, చింతచెట్టు మోడు దగ్గర ఎడమకి తిరిగి, తెల్లగా నున్నగా ఉన్న వాలు మీదుగా తిన్నగా కిందికి పోయింది.

అద్దాలు తీసేశాను.

ఆ నున్నటి వాలు కింద నేల లేదు. వాగు ఉంది, మాలో మేం ఊటగెడ్డ అనుకుంటాం. కొండ కడుపులోంచి గోరువెచ్చగా ఊరే నీళ్ళు, ఎంత చలికైనా గడ్డకట్టవు. పైన మంచు కప్పు వేసుకుంటుంది, కింద నీళ్ళు దాన్ని తొలుచుకుంటూ పోతాయి. పై నుంచి చూస్తే పరుపులా ఉంటుంది. అడుగున మూడు నిలువుల గొయ్యి.

"ఇక్కడ నేల ఎలా ఉందో మీకెవరు చెప్పారు బాబూ?"

"మీరే చెప్పారుగా!" అని నవ్వాడు. "వానాకాలంలో మా కొలతలకి అక్కడ వెదురుపొద అడ్డొచ్చింది. మిగతా కొండంతా మీ పటం వెంట్రుకవాసి తేడా లేకుండా సరిపోయింది. అందుకని అక్కడ కూడా మీ పటమే తీసుకున్నాం. ఆ కాఫీపొడి ప్రకటన చెరిపేసి, ఆ ఖాళీని చుట్టూ ఉన్న వాలుతో నింపేశాం."

మూడు పిచ్చుకల కాఫీపొడి. ఆ కంపెనీ మూతపడి పద్దెనిమిదేళ్ళయింది. దాని ప్రకటన మాత్రం ఏటా నా పటంలో అదే చోట అచ్చవుతూనే ఉంది.

ఎందుకో రాస్తాను. మొదట్లో సన్యాసిరావు మేస్త్రి ఆ గెడ్డని ఎర్ర సిరాతో గీసి 'ప్రమాదం, వెళ్ళరాదు' అని రాసేవాడు. రెండో ఏడు ఇద్దరు కుర్రాళ్ళు సరిగ్గా ఆ మాట చదివే అక్కడికి ఫొటో దిగడానికి వెళ్ళారు. వాళ్ళ శవాలు ఆ వేసవిలో గానీ దొరకలేదు. అప్పటి నుంచి మేస్త్రి మా గదికి ఒక కట్టుబాటు పెట్టాడు. వెళ్ళకూడని చోటుని పటంలో రాయకూడదు, పేరు కూడా పెట్టకూడదు. దాని మీద ఏదో ఒక బొమ్మ వేసి కప్పెయ్యాలి. బొమ్మ ఉన్న చోటుకి దారి గీయం కనుక జనం అటు పోరు. నాకు పని నేర్పిన మొదటి రోజే చెప్పాడు, "పేరు పెట్టడమంటే పిలవడమేనే పిల్లా" అని. నేను అచ్చంగా పాటించాను, ఆ గెడ్డలో ఇంకెవరూ పడలేదు. ఈ పద్ధతి చూసుకుని లోపల్లోపల ఎంత మురిసిపోయేదాన్నో!

ఇప్పుడు ఆ బొమ్మని చెరిపి, కింద ఉన్న ఖాళీని నమ్మారు.

ఇక్కడ నా సిగ్గుమాలిన పని కూడా రాయాలి. వెంటనే నిజం చెప్పలేదు. మూడు రోజుల్లో బోర్డు. నా కాగితం అబద్ధమాడదు అని రొమ్ము విరుచుకుని చెప్పబోతున్నదాన్ని.

"అక్కడ మంచు పలచన బాబూ, దారి కాస్త కుడికి జరపండి," అన్నాను.

అతను చేతిలోని కొలతల పలక మీద వేలితో నొక్కి చూశాడు. "రెండున్నర మీటర్లుందండీ. కొండ మీద అంత మందం ఇంకెక్కడా లేదు."

అద్దాలు తిరిగి ఇచ్చేశాను. అతను వెళ్ళిపోయాడు.

మంచు 28వ రోజు

పొద్దున్నే పూర్ణిమ స్కీలకి మైనం రాసుకోవడానికి నా కుంపటి దగ్గరికి వచ్చింది. మైనం కరిగించడానికి ఇంత మంచి నిప్పు ఇంకెక్కడా లేదంటుంది.

"అత్తా, బంగారు గీత సూశావా? మోడు దాటినాక ఒక్క వంపు నేదు. అక్కడ కూకుని, గాలి సప్పుడు ఇనుకుంటా దిగిపోడమే. నన్నెవులూ అందుకోలేరు."

"ఆ చోట ఎప్పుడైనా దిగేవా?"

"నేదు. నాయిన ఎప్పుడూ అటు ఎల్లనివ్వడు. ఇప్పుడైతే అద్దాలే ఎల్లమంటన్నాయి గదా!"

మైనం రాస్తూ పాట పాడుకుంటోంది. నాకు అక్కడ కూర్చోవాలనిపించలేదు. దాన్ని అక్కడే వదిలి లేచి, శాలువా కప్పుకుని తిన్నగా రక్షణ దళం గుడిసెకి వెళ్ళాను.

"బొంజూ, బంగారు గీత గెడ్డ మీంచి పోతన్నాది. నీకు తెలీదా?"

తెలుసన్నట్టు తల ఊపాడు. "సూశాను. సూసి, గెడ్డకేటైనా సేసినారేమో, అద్దాలకి తెలిసే ఉంటాది అనుకున్నాను. అంత సదూకున్నోలు గదక్కా."

"ఆల్లు సదివింది నా పటమేరా."

వాడు లేచాడు. గోడకి ఆనించిన వెదురు గడ తీసుకుని, తాడు భుజాన వేసుకుని నడిచాడు. రఘోత్తమ్ గదికి ఇద్దరం కలిసే వెళ్ళాం.

చెప్పేశాను. గెడ్డ, కుర్రాళ్ళు, కాఫీపొడి, మేస్త్రి కట్టుబాటు, నిన్నటి నా బొంకు కూడా. రఘోత్తమ్ నమ్మలేదు. నమ్మకపోవడంలో తప్పులేదు, అతని అంకెలు అతనికి ఉన్నాయి. "చూపించండి," అన్నాడు.

చింతమోడుకి తాడు కట్టి, రెండో కొస బొంజుబాబు నడుముకి బిగించాం. పది అడుగులు వేసి, బోర్లా పడుకుని గడ దింపాడు. రెండున్నర మీటర్లు మంచు గట్టిగానే ఉంది, గుచ్చి గుచ్చి దింపాల్సి వచ్చింది. ఆ తర్వాత గడ చేతిలోంచి జారి మాయమైపోయింది. ఇరవై అడుగుల గడ. కాసేపటికి చిన్న చప్పుడు. ఆ కన్నంలోంచి ఆవిరి పైకి లేచింది.

రఘోత్తమ్ తన పలక తీసి అంకెలు చూసి, మళ్ళీ లోపల పెట్టేశాడు.

"పటంలో ఎందుకు పెట్టలేదండీ?"

"పెడితే వెళ్తారు బాబూ. వెళ్ళారు కూడా."

"మా వాళ్ళు పటం తీసుకెళ్ళినప్పుడైనా..."

"వాళ్ళు అడగలేదు. నేను చెప్పలేదు. అచ్చుగది మూసేసేవాళ్ళకి నేనెందుకు చెప్పాలి అనుకున్నాను. తప్పు నాదే."

అతను తాడు పట్టుకుని బొంజుబాబుని వెనక్కి లాగాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"ఇంకేమైనా దాచారా?"

"ఇంకా నాలుగున్నాయి. నవ్వుతున్న సూర్యుడి బొమ్మ కింద ఒకటి, జింకల జంట కింద ఒకటి, గుర్తుల పట్టిక కింద ఒకటి. నా సంతకం కింద ఉన్నది అన్నిటికంటే లోతు."

మంచు 30వ రోజు

బోర్డు కూర్చుంది. ఆరుగురు. నా మాట నేనే చెప్పుకున్నాను, బొంజుబాబుని నోరెత్తొద్దన్నాను. టీచరమ్మ సంగతి ఎత్తితే నా తప్పుని దాని వెనక దాచుకున్నట్టు అవుతుంది.

అధ్యక్షురాలు పెద్దావిడ, మర్యాదగానే మాట్లాడింది. "ఐదు చోట్ల తెలిసి తెలిసి తప్పు చూపించే పటాన్ని మేం ఇకపై పంచలేం చిలకమ్మగారూ. మీరే చెప్పండి, పంచగలమా?"

"పంచలేరమ్మా. మూసెయ్యండి. కానీ మీ అద్దాలు పాఠం నేర్చుకున్నది కూడా ఆ పటం దగ్గరే. గురువుని బయటికి పంపి శిష్యుణ్ణి కొండెక్కిస్తారా? నేను నడిచి ఐదు చోట్లా చూపించేదాకా ఒక్క గీత వెలగకూడదు."

మంచుకాలం నడిమధ్య కొండ మూయడమంటే మాటలు కాదు. ఆరుగురూ మొహాలు చూసుకున్నారు. రఘోత్తమ్ లేచాడు. "బంగారు గీత మొన్నే ఆర్పించాను, కొండంతా ఇవాళ పొద్దున్నే మూసేశానండీ. మీ అనుమతి ఇప్పుడు అడుగుతున్నాను," అన్నాడు. ఆ కుర్రాడి మీద నాకు గౌరవం పుట్టింది.

మధ్యాహ్నం యంత్రం ఆపి, అచ్చు దిమ్మలు కడిగి, గుడ్డ కప్పాను. ఏడుపు వచ్చింది, ఏడ్చాను. ఇరవై ఆరేళ్ళు చిన్న ముక్క కాదు. ఏడ్చాక మంచు బూట్లు తొడుక్కున్నాను, చీకటి పడేలోపు రెండు చోట్లయినా చూపించాలి కదా.

మంచు 32వ రోజు

ఐదూ చూపించడం అయింది. రఘోత్తమ్ నా వెనకాలే నడిచి ప్రతి చోటా తనే గడ దింపి చూశాడు. నా సంతకం కింద గడకి అడుగు తగల్లేదు. పోటీల దారి అత్తగారి మెట్ల వైపుకి మార్చారు. వంపులెక్కువ, రాళ్ళెక్కువ. పూర్ణిమ నాతో మాట్లాడటం లేదు. తను గెలిచే దారి నేను పోగొట్టానట. మాట్లాడకపోతే మానె.

ఇవాళే తెర తీశారు. ఇంత ఎండ నేను చిన్నప్పుడెప్పుడో చూశాను. చూరుల నుంచి నీళ్ళు కారుతున్నాయి.

మంచు 34వ రోజు

అచ్చుగది మూతపడ్డాక దినచర్య రాయమని నన్నెవరూ అడగలేదు. ఇది నా అంతట నేను రాస్తున్నది.

పోటీ పది గంటలకి మొదలైంది. జనం అంతా అత్తగారి మెట్ల కింద. నేను, రఘోత్తమ్ చింతమోడు దగ్గర తాడు కట్టి కాపలా ఉన్నాం, ఎవరైనా పాత గీత గుర్తుపెట్టుకుని ఇటు వస్తారేమోనని. పై నుంచి ఈల వినబడింది. పూర్ణిమ బయల్దేరింది. ఎర్ర టోపీ అవతలి వాలు మీద ఒక్కో వంపూ తిరుగుతూ దిగుతోంది. రాళ్ళ దగ్గర తూలింది, మళ్ళీ నిలదొక్కుకుంది. నాలుగో స్థానం వచ్చిందని తర్వాత తెలిసింది.

పూర్ణిమ ఇంకా సగం దారిలో ఉండగానే మా ముందు నేల కదిలింది. పెద్ద చప్పుడేమీ లేదు. తడి గోడ కూలినట్టు మెత్తగా, నూరు అడుగుల పొడవున ఆ తెల్లటి పరుపంతా లోపలికి దిగిపోయింది. ఆవిరి లేచింది. ఆవిరి తగ్గాక అడుగున నల్లటి నీళ్ళు, వాటి నడుమ నిలబడిన రాళ్ళు కనిపించాయి. ఇద్దరం అంచు దాకా పాకి, మనిషి కోసం వెతికినట్టే మూల మూలా వెతికాం. ఎవరూ లేరని తెలిసినా వెతికాం. ఎవరూ లేరు.

రఘోత్తమ్ నా చెయ్యి వదల్లేదు. "మీరు చెప్పకపోయి ఉంటే..." అన్నాడు.

"ఆరు రోజుల క్రితం చెప్పాను బాబూ. చెప్పాల్సింది ఇరవై ఆరేళ్ళ క్రితం," అన్నాను. మా గురువు మీద నాకున్న భక్తి ఏమీ తగ్గలేదు. ఆయన పెట్టిన కట్టుబాటు మాత్రం ఇవాళ్టితో సరి.

సాయంత్రంలోగా దళం వాళ్ళు గొయ్యి చుట్టూ గుంజలు పాతారు. ఒక చెక్కపలక తెప్పించుకుని మిగిలిన ఎర్ర సిరా అంతా దాని మీద వాడేశాను. 'ఊటగెడ్డ' అని దూరం నుంచే కనబడేంత అక్షరాలతో రాసి, కింద ఆ ఇద్దరు కుర్రాళ్ళ పేర్లు కూడా రాశాను. రఘోత్తమ్ ఆ పలకని చదివి, అద్దాల్లో కూడా అదే పేరు, అవే అక్షరాలు వెలిగేలా పెట్టించాడు.

రేపు నవ్వుతున్న సూర్యుడి బొమ్మ కింద దాచిన చోటుకి వెళ్ళాలి. దానికి ఇంకా పేరు లేదు, నడుస్తూ ఆలోచించుకోవాలి.